బజారు కలం, దర్బారు కలం

ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు ‘పేక’ అన్న మాట వాడుకలో తక్కువ. మాకు అవి పత్తాలు, ఆడేది పత్తాలాట. పత్తా అంటే ఆకు. ఉర్దూ నుండి వచ్చి మెదకు, నిజామాబాదు పల్లెలలో స్థిరపడిపోయిన మాట అది. ‘పేకాటరాయుళ్లు’ అనే బిరుదు మాత్రం వార్తాపత్రికల పుణ్యమా అని మాకూ సంక్రమించింది. ముక్కల జాతుల పేర్లు మాత్రం తెలుగునాట దాదాపు అంతటా ఒకటే: ఇస్పేటు, ఆటీను, కళావరు, డైమను. ఇంగ్లీషు హార్టు కాస్తా ఆటీను ఎట్లా అయిందని ఆలోచిస్తే చూపు బందరు రేవు వైపు మళ్లుతుంది. 17వ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే అక్కడ కోఠీ పెట్టిన డచ్చివారు ఆ గుర్తును హార్టెన్ అంటారు, కళావరును క్లావరెన్ అంటారు. తమిళులు ఆటీనును ఆడుతన్ అంటారు. పోలిక కొట్టవచ్చినట్టున్నది.

ఈ 52 ముక్కల కట్ట మన ఊళ్లకు రాకముందు దేశంలో వేరొక కట్ట చెలామణిలో ఉండేది. దాని ముక్కలు గుండ్రనివి, చేత్తో చిత్రించినవి. దాని పేరు గంజీఫా. దానిని గురించి వ్రాసినవారిలో ఎక్కువమంది ఏనుగు దంతం ముక్కలను, తాబేటి చిప్ప ముక్కలను, బంగారు పూతను వర్ణించి తృప్తి పడ్డారు. నాకు ఆసక్తి కలిగించినది దాని రెండవ ముఖం, అనగా చవక కట్ట. చేసేవారి భాషలో రాజుల కోసం చేసినదానికి దర్బారు కలం అని, సంతలో అమ్ముడుపోయేదానికి బజారు కలం అని పేరు. కలమంటే ఇక్కడ కుంచె పనితనం. ఆటను మూడు నాలుగు శతాబ్దాల పాటు మోసినది ఈ రెండవదేనని నా అభిప్రాయం.

గంజీఫా మన దేశంలో లిఖితపూర్వకంగా తొలిసారి కనబడేది బాబరు దినచర్యలో. 1527లో ఆయన సింధులోని షా హసన్‌కు గంజీఫా ముక్కలు పంపించాడు. ఆ ఆట అంటే షా హసన్‌కు ప్రాణమట, తనకు కావాలని అడిగాడట. ఒక సామ్రాజ్య స్థాపకుడు యుద్ధాల నడుమ పేకముక్కల పార్సెలు సంగతి వ్రాసుకోవడం ముచ్చటగా ఉంటుంది. ఆయన మనుమడు అక్బరు కాలానికి ఈ ఆట ఎంత ముదిరిందో ఐన్-ఇ-అక్బరీ చెబుతుంది. అందులో అబుల్ ఫజల్ వర్ణించిన కట్టలో 12 జాతులు, జాతికి 12 చొప్పున 144 ముక్కలు. ఆ జాతుల అధిపతుల పేర్లు చూడండి: అశ్వపతి, గజపతి, నరపతి, ధనపతి, దళపతి, నావపతి... మన చరిత్ర పుస్తకాలు చదివినవారికి మొదటి మూడూ బాల్యమిత్రులే. అశ్వపతి ఢిల్లీ ఏలిక అనీ, గజపతి ఒడిశా రాజు అనీ అబుల్ ఫజల్ కూడా అన్నాడు. కానీ నరపతికి ఉదాహరణ చెప్పవలసి వచ్చినప్పుడు బీజాపురాన్ని చెప్పాడు! మనకు నరపతి అంటే విజయనగర రాయలే. 1565 తరువాత ఆగ్రాలో కూర్చుని దక్షిణాదిని చూసేవారికి బీజాపురమే పెద్దగా కనబడి ఉంటుంది.

సామాన్యంగా ఆడినది 8 జాతుల కట్ట, ముక్కలు 96. కిరీటం, వెండి నాణెం, కత్తి, సేవకుడు, చంగ్ అనే తంత్రీవాద్యం, బంగారు నాణెం, పత్రం, సరుకు – ఇవీ జాతులు. ఒక రాజ్యం కచేరీలో ఉండేవన్నీ అందులో ఉన్నాయి, ఖజానాతో సహా. ఈ కట్ట హిందువుల ఇళ్లలోకి వచ్చేసరికి కిరీటాలు, నాణేలు పోయి దశావతారాలు వచ్చాయి. 10 జాతులు, 120 ముక్కలు. మత్స్యానికి చేప, కూర్మానికి తాబేలు, వామనునికి కమండలం, పరశురామునికి గొడ్డలి, రామునికి బాణం, కల్కికి ఖడ్గం, ఇట్లా ఒక్కో అవతారానికి ఒక్కో గుర్తు. కొన్ని గుర్తులు ప్రాంతాన్ని బట్టి మారుతాయి. పూరీలో బుద్ధుని చోట జగన్నాథుడు కూర్చుంటాడు.

ప్రతి జాతిలోనూ ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుండి పది వరకు అంకెల ముక్కలు. రాణి లేదు. ఆడేది ముగ్గురు. 120 ముక్కలైతే తలా 40, 96 అయితే తలా 32. తురుపు లేదు, వేలం పాట లేదు. పై ముక్క వేసినవాడు పట్టు తీసుకుంటాడు, అంతే. కానీ ఒక చిన్న మెలిక ఉంది. సగం జాతులలో రాజు, మంత్రి తరువాత పది పెద్దది. మిగతా సగంలో ఒకటి పెద్దది, పది అన్నిటికంటే చిన్నది. పోయిన ముక్కలు గుర్తుంచుకోవడమే ఈ ఆటలో సగం విద్య. 120 ముక్కలు, పైగా సగం తలకిందులు. మొదలుపెట్టే హక్కు కూడా వేళను బట్టి ఉంటుంది. దశావతారాలలో పగలైతే రాముడున్నవాడు, రాత్రి అయితే కృష్ణుడున్నవాడు ఆట తెరుస్తాడు. మొగలు కట్టలో పగలు బంగారు నాణెం, రాత్రి వెండి నాణెం. సూర్యుడు, చంద్రుడు అన్నమాట.

ఇప్పుడు చవక కట్ట ఎట్లా కట్టాలన్న ప్రశ్నకు వద్దాం. ముందు లెక్క చూడాలి. దశావతార కట్టలో బొమ్మల ముక్కలు 20, అంకెల ముక్కలు 100. ఒకటి నుండి పది వరకు కూడితే 55. పది జాతులకు 550. అంటే చిత్రకారుడు 20 బొమ్మలు కాక 550 చేపలు, తాబేళ్లు, గొడ్డళ్లు వేయాలి! మొగలు కట్టలో ఈ సంఖ్య 440. మన పేకకట్టలో ఆసు నుండి పది వరకు ఉన్న గుర్తులు 220 మాత్రమే, అవీ అచ్చులో పడతాయి. గంజీఫా ఖరీదంతా ఈ 550లో ఉంది. ఒక్కో చేపకు నిమిషం పట్టిందనుకుంటే ఈ గుర్తులకే తొమ్మిది గంటల పైమాట. అదే చేపను పది సెకన్లలో తేల్చగలిగితే గంటన్నర.

బజారు కలం గొప్పతనం ఈ పది సెకన్లలోనే ఉంది. రెండు వంపులు, ఒక చుక్క – చేప. ఒక సున్న, నాలుగు గీతలు – తాబేలు. దర్బారు చిత్రకారుడు చేపకు పొలుసులు దిద్దుతాడు, కింద అలలు వేస్తాడు, అంచుకు లతలు పాకిస్తాడు. బజారు చిత్రకారుడు అవన్నీ వదిలేస్తాడు, కానీ ఒకదానిని మాత్రం వదలడు: జాతికొక నేపథ్య వర్ణం. ఎర్ర నేల, పచ్చ నేల, నల్ల నేల. గుర్తు ఎంత ముతకగా ఉన్నా, చేతిలో విసనకర్రలా పరచిన 40 ముక్కల అంచులను చూడగానే ఏ జాతి ఎక్కడుందో తెలిసిపోవాలి. నేల రంగు పూయడానికి నేర్పరి అక్కరలేదు, ఇంట్లో పిల్లలు కూడా పూయగలరు. ఏ ఖర్చు ఆటకు, ఏ ఖర్చు సోకుకు అన్న వివేకం ఈ కట్టలో కనబడినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనబడలేదు. కొన్ని బజారు కట్టలలో రాజు ముఖం కూడా ఒక ముక్కు గీత, ఒక కన్ను మాత్రమే. చాలు కదా! పట్టు తీసుకోవడానికి ఆయనకు రెండవ కన్ను అవసరం లేదు.

పూరీలోను, సావంతవాడిలోను ముక్కలు చేసే పద్ధతి తెలిసినదే. పాత గుడ్డను చింతగింజల జిగురుతో పొరలు పొరలుగా అంటించి, సుద్ద పూసి, రాతితో నునుపు చేసి, గుండ్రంగా కత్తిరించి, రంగులు వేసి లక్క పూత పూస్తారు. ఇందులో కొనవలసినవి చాలా తక్కువ. గుడ్డ పాతది, చింతగింజలు పులుసు తిన్న ప్రతి ఇంటిలోనూ ఉంటాయి.

మాకు దగ్గరి కేంద్రం నిర్మల్. నాగిరెడ్డిపేట మంజీర వైపు ఊరు. ఇక్కడి నుండి ఉత్తరంగా నిజామాబాదు మీదుగా గోదావరి దాటితే నిర్మల్ వస్తుంది. అక్కడి నకాషీలు ఒకనాడు గంజీఫా ముక్కలు చిత్రించారు. అవి ఇప్పుడు సేకరణలలో, మ్యూజియంలలో ఉన్నవి. పొణికి కర్రతో బొమ్మలు చేసి, చింతగింజల జిగురు కలిపిన రంపపు పొట్టుతో అతుకులు పూడ్చే ఆ చేతులకు గుడ్డ ముక్కలకు గట్టిదనం తేవడం ఒక లెక్కా? ఈనాడు నిర్మల్ అనగానే అందరికీ తోచేవి కొయ్య బొమ్మలు, నల్ల నేల మీద మెరిసే చిత్రాలు. పత్తాల సంగతి నిర్మల్ బొమ్మ ఇంటిలో పెట్టుకున్నవారిలోనూ చాలామందికి తెలియదు.

ఆడేవాడి చేతి నుండి చూస్తే చవక కట్టకు కొన్ని పరీక్షలున్నాయి. వెనుక భాగాలన్నీ ఒక్క తీరుగా ఉండాలి. ఒక ముక్కకు పెచ్చు ఊడితే మరునాటి నుండి అది అందరికీ తెలిసిన రహస్యమే. అందుకే చాలా కట్టలకు వెనుక ఒకే రంగు లక్క పూత, ఏ అలంకారమూ లేకుండా. గుండ్రని ముక్కకు మూలలు లేవు కనుక మూల మడతలు పడవు. మనం పేక కలిపినట్టు చేతిలో కలపడం కుదరదు. తెల్లని దుప్పటి మీద బోర్లా పోసి రెండు చేతులతో తిప్పుతారు. అందుకని అంచు గట్టిగా ఉండటం ముఖ్యం, నునుపు తరువాత సంగతి. అన్నిటికంటే పెద్ద గుణం మరొకటి: ముక్క పోతే మళ్లీ వేయించుకోవచ్చు. అచ్చు పేకలో ఆటీను ఏడు పోతే కట్ట అంతా చెడుతుంది. గంజీఫాలో తాబేటి ఏడు పోతే, చిత్రకారుని దగ్గరకు వెళ్లి ఏడు తాబేళ్లు వేయించుకుంటే సరి. పాత కట్టలలో ఒకటి రెండు ముక్కలు వేరే చేతితో వేసినవి కనబడుతూ ఉంటాయి. సేకర్తలు దానిని లోపమంటారు. ఆ కట్టను నిజంగా ఆడారనడానికి అంతకంటే సాక్ష్యమేమి కావాలి?

దర్బారు కలం ఎటు పోయిందో చూడదలచుకుంటే మైసూరుకు వెళ్లాలి. మూడవ కృష్ణరాజ ఒడయరు (1794–1868) ఆటల మీద మహా ప్రీతి గలవాడు. చాద్ అనే పేరుతో కొత్త కొత్త కట్టలు కల్పించాడు. వాటిలో కొన్నిటికి మూడు వందలకు పైగా ముక్కలు. దేవతలు, గ్రహాలు, వాహనాలు అన్నీ కొలువుదీరాయి. చూడటానికి రెండు కళ్లు చాలవు. కానీ సంతలో ఎవరు కొంటారు, కొన్నా ఎవరు గుర్తుంచుకుంటారు? రాజు అంతఃపురం దాటి అవి వాడవాడలా తిరిగిన దాఖలా నాకెక్కడా కనబడలేదు.

గంజీఫాను ఓడించినది దర్బారు కాదు, మరింత చవకైన బజారు. 1832 ప్రాంతంలో లండనులో డిలారూ పేకముక్కలను యంత్రం మీద రంగులలో అచ్చు వేయడం మొదలుపెట్టాడు. బెల్జియంలోని టర్న్‌హౌట్ అచ్చుకూటాల ముక్కలు కూడా ఓడలలో మన రేవులకు దిగాయి. తరువాత మూలలో చిన్న అంకె వేయడం వచ్చింది. ముక్కను వెంట్రుకవాసి జరిపితే చాలు, ఏమిటో తెలుస్తుంది. చవక కట్టకు ఇంతకంటే మంచి ఉపాయం లేదని ఒప్పుకోవాలి. 550 గుర్తులు చేత్తో వేసేవాడు 52 ముక్కల అచ్చుతో పోటీపడలేడు. ముక్కలతో పాటు ఆట కూడా పోయింది. ఆ తరువాత గంజీఫాను కాపాడటానికి పూనుకున్నవారు లేకపోలేదు. బొంబాయిలో స్థిరపడిన జర్మన్ కళావిమర్శకుడు రుడాల్ఫ్ ఫాన్ లైడెన్ జీవితమంతా ఈ ముక్కలు సేకరించి 1982లో వాటి మీద పుస్తకం వెలువరించాడు. సావంతవాడి రాజకుటుంబం తమ ఊరి చిత్రకారులకు మళ్లీ పని చూపింది. వారికి మనం ఋణపడి ఉన్నాం. అయితే ఆ కాపాడిన తీరు మీద నాకొక అభ్యంతరం ఉంది. కాపాడినది ముక్కను, ఆటను కాదు. ఇప్పుడు దొరికేది అందమైన కొయ్యపెట్టెలో పెట్టిన కానుక. దాని ధర చూస్తే ఆడటానికి మనసొప్పదు, అద్దాల బీరువాలో పెట్టుకుంటాం. ఆడని కట్టకు ముక్క పోదు, కొత్త ముక్క వేయించవలసిన పని పడదు, చిత్రకారుని దగ్గరకు రెండవసారి వెళ్లవలసిన అవసరమూ రాదు. పునరుద్ధరణ పేరుతో దర్బారు కలాన్ని మాత్రమే బ్రతికించి, బజారు కలాన్ని వదిలేశాం.

ఇక్కడ ఒక పక్కదారి. పత్తాలలో నేర్పు ఎంత, అదృష్టం ఎంత అన్న వాదన మన గడ్డ మీదనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద 1963లో పోలీసులు దాడి చేశారు. కేసు 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూద చట్టం కింద పెట్టారు. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారవేయాలో తెలియాలి కనుక రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటేనని, మూడు ముక్కలాట వంటిది కాదని న్యాయస్థానం అన్నది. తెలంగాణ ప్రభుత్వం 2017లో చట్టం సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, అది వేరే కథ. ఏది ఉంచుకోవాలి, ఏది పారవేయాలి అన్న ఆ మాట దగ్గర ఆగుదాం.

ఎందుకంటే 1993లో అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితజ్ఞుడు ఆ ప్రశ్ననే ఆటకు ముందుకు జరిపాడు. ఆయన కల్పించిన మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే ఆటలో అందరికీ కలిపి ఒక కట్ట ఉండదు. ఎవరి కట్ట వారు ఇంటి దగ్గర కట్టుకుని రావాలి. కనీసం 60 ముక్కలు, మూల భూములు తప్ప ఏ ముక్కా నాలుగుకు మించరాదు. ముక్కలు పొట్లాలలో వస్తాయి. కొన్ని సాధారణం, కొన్ని అరుదు. 1996లో జపానులో వచ్చిన పోకెమాన్ ముక్కలదీ ఇదే దారి. మన పిల్లలకు పోకెమాన్ తెలిసినది 2003 నుండి టీవీలో, ఆ తరువాత చిప్సు పొట్లాలలోని బిళ్లలతో. అంతకు ముందు తరానికి కుస్తీవీరుల ట్రంపు కార్డులుండేవి. ఎత్తు, బరువు, ఛాతీ కొలత చెప్పి ఎదుటివాడి ముక్క లాక్కోవడం. అందులో కట్ట ఒకటే, సగం నీకు సగం నాకు. ధనవంతుని కొడుకైనా పంచిన ముక్కలతోనే ఆడాలి.

గంజీఫాలోనూ అంతే. నవాబు దంతపు ముక్కలతో ఆడినా, నిర్మల్ సంతలో కొన్న గుడ్డ ముక్కలతో ఆడినా, చేప పది చేప పదే. డబ్బు సోకును కొన్నది, బలాన్ని కొనలేదు. పోగేసే ముక్కల ఆటలో డబ్బు బలాన్నే కొంటుంది. ఆ ఆట తొలి ముద్రణలోని బ్లాక్ లోటస్ అనే ఒక్క ముక్క 2021 వేలంలో 5 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. తాబేటి చిప్ప ముక్క చేసినవారు కూడా ఇంత కలగని ఉండరు! కనుక ఈనాటి కుర్రవాళ్లు ‘బడ్జెట్ డెక్’ అనేదానికి, బజారు కలానికి నడుమ తేడా ఉంది. బజారు కట్టను చూసి, దీనితో అదే ఆట ఆడగలమా అని అడుగుతాం. బడ్జెట్ కట్టను చూసి, దీనితో గెలవగలమా అని అడగాలి.

అయినా చేసేవాడి వివేకం ఒకటే. ప్రత్యర్థికి 20 ప్రాణాలుంటాయి. లైట్నింగ్ బోల్ట్ అనే సాధారణ ముక్క ఒక్కొక్కటి మూడు తీస్తుంది. ఏడు పిడుగులు పడితే ఆట ముగుస్తుంది. నాలుగుకు మించి పెట్టుకోరాదు కనుక, దాదాపు అదే పని చేసే చవక ముక్కలు వెతికి నాలుగేసి పెట్టుకోవాలి. రెండు మూడు వర్ణాలు కలిపితే వాటికి తగిన అరుదైన భూములు కొనవలసి వస్తుంది. ఒకే వర్ణంతో కడితే ఎక్కడైనా దొరికే మూల భూములే చాలు. వన్నె తగ్గించి పని నిలుపుకోవడం, నేల రంగు ఉంచి లతలు వదిలేయడం వంటిదే ఇది. ఇట్టి కట్టలను సమీక్షించేవారు ఖరీదైన ముక్క లేదని వాపోనవసరం లేదు. ఆ ముక్క చేసే పని ఎవరు చేస్తున్నారో చూడాలి. సాధారణ ముక్కలతో మాత్రమే ఆడే పద్ధతి ఒకటి ఆటగాళ్లలోనే పుట్టి పెరిగింది, దానికి పాపర్ అని పేరు. పాపర్ అంటే నిరుపేద. కంపెనీ దానిని 2019లో అధికారికంగా గుర్తించింది. ఆటను కల్పించిన కొలువు ఇరవై ఆరేళ్లకు బజారు కలానికి కుర్చీ వేసిందన్నమాట.

గంజీఫాకు కూడా అట్టి కుర్చీ వేయవచ్చు. పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి తెలుగింటిలోనూ పెళ్లిళ్ల కాలం గడిచాక శుభలేఖల దొంతి మిగులుతుంది. మంచి దళసరి అట్ట. ఒక గాజును అచ్చుగా పెట్టి 120 బిళ్లలు గీయండి, కత్తిరించండి. రెండేసి కలిపి అంటిస్తే ఇంకా గట్టిగా ఉంటాయి, అప్పుడు 240 బిళ్లలు కావాలి. వెనుకవైపు ఒకే రంగు కాగితం. ముందువైపు పది జాతులకు పది రంగులు పిల్లలు పూస్తారు. చేప, తాబేలు, కమండలం, గొడ్డలి, బాణం, ఖడ్గం ఎవరైనా వేయగలరు. వరాహ నరసింహులకు కోర, పంజా చాలు, కృష్ణునికి పిల్లనగ్రోవి. రాజుకు కిరీటం, మంత్రికి తలపాగా. తొలి ఐదు అవతారాలలో ఒకటి పెద్దదా, పది పెద్దదా అన్నది ఆడేముందు ముగ్గురూ ఒప్పుకుని కాగితం మీద వ్రాసుకోండి, లేకపోతే పదో పట్టు దగ్గర పోట్లాట తప్పదు. దుప్పటి పరచి ముక్కలు బోర్లా పోసి కలపండి. తలా నలభై. పగలైతే రాముడు ఎవరి దగ్గర ఉన్నాడో అడగండి, దీపాలు పెట్టిన తరువాత అయితే కృష్ణుడు.